విప్పేవాడి కోసం కాస్త గ్రీజు

ఉప్పాడలో ఇంటి కిటికీ ఊచలు చూస్తే సముద్రం ఎటువైపు ఉందో తెలిసిపోతుంది. తూర్పు వైపు ఊచలు పొరలు పొరలుగా లేచి, గోటితో గీకితే రాలిపోయేలా ఉంటాయి. అదే ఇంట్లో పిఠాపురం వైపు తెరుచుకునే కిటికీ ఊచలు మాత్రం ఇంకో పదేళ్లు ఢోకా లేనట్టు కనిపిస్తాయి. రెండూ ఒకే రోజు, ఒకే మేస్త్రీ బిగించినవే.

ఊళ్లోవాళ్లకు ఇదేమీ వింత కాదు. గేటు మడతబందులకు నూనె వెయ్యడం, సైకిలు గొలుసు తుడిచి పెట్టడం, కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంచడం ఇక్కడ ఇంటిపనిలో భాగం. బయటినుంచి కాపురానికొచ్చిన కోడలికి అత్తగారు మొదట నేర్పే సంగతుల్లో ఇదీ ఒకటై ఉంటుందని నాకు అనిపిస్తుంది.

తడి ఆరని చోట ఇనుము నిలవదు. వానాకాలంలో వంటింటి ఉప్పుజాడీ చెమర్చడం అందరం చూసిందే. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను తాగి తానే నీరవుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం లవణాలు కూడా ఉంటాయి. అవి అంతకన్నా పొడిగాలిలోనూ తేమను లాక్కుంటాయి. కెరటం విరిగినప్పుడు లేచిన తుంపర గాలిలో కలిసి, కంటికి కనబడని ఉప్పుపొరగా ఇనుము మీద వాలుతుంది. పైన ఎండ కాస్తున్నా ఆ పొర కింద ఇనుము తడిగానే ఉంటుంది.

ఇదే ఒడ్డున 2020 నవంబరులో, నివర్ తుపాను వెళ్లాక, జనం ఇసుకను వేళ్లతో జల్లించి బంగారు రజను ఏరుకున్నారు. పేపర్లలో, టీవీల్లో ఆ ముచ్చట చూసే ఉంటారు. ఎప్పుడో సముద్రం కలుపుకున్న ఇళ్లదో, గుళ్లదో అయి ఉంటుందని ఊళ్లో అనుకున్నారు. ఎన్నేళ్లు ఉప్పునీళ్లలో నానినా బంగారం బంగారంగానే ఒడ్డుకొచ్చింది. ఆ ఇళ్ల తలుపులకు కొట్టిన మేకులు మాత్రం ఎవరికీ దొరికి ఉండవు.

అలాంటి ఊళ్లో ఒక అంబాసిడర్ కారు చాలా ఏళ్లుగా తాటాకు పాక కింద నిలబడి ఉంది. నా మిత్రుడి తండ్రిది. ఆయన జాందానీ చీరల వ్యాపారం చేసేవారు. మగ్గాల నుంచి చీరలు తెచ్చి, మూటలు వెనక సీట్లో సర్దుకుని, కాకినాడ, రాజమండ్రి తిరిగేవారు. రెండు వైపులా పువ్వు ఒకేలా కనిపించే ఆ నేతకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కబురు విని ఆయన ఎంతో సంబరపడ్డారుగానీ అప్పటికే కారు బయటికి తియ్యడం మానేశారు.

ఆయన పోయాక బండి మళ్లీ కదల్లేదు. ఇప్పుడు కొడుకు దాన్ని రోడ్డెక్కిద్దామనుకున్నాడు. అమ్మే ఉద్దేశం లేదు, ప్రదర్శనలకు తీసుకెళ్లే సరదా అంతకన్నా లేదు. అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఒకసారి అన్నవరం వెళ్లి రావాలి. ఆమె కూడా ఈ మాట విన్నప్పటినుంచి ఏ చీర కట్టుకోవాలో ఆలోచిస్తోంది.

మన తరానికి అంబాసిడర్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనాగా 1957లో కలకత్తా పక్కన ఉత్తరపారాలో మొదలై, 2014 మే దాకా తయారైంది. కలెక్టరు గారిదీ అదే, టాక్సీ అదే, పెళ్లికొడుకును దింపిందీ అదే. ముగ్గురు కూర్చునే సీట్లో ఆరుగురం సర్దుకున్న రోజులు చాలామందికి గుర్తుంటాయి.

పాత కారు బాగుచెయ్యడమంటే రంగు కొట్టించడం, సీట్లు కుట్టించడం, ఇంజను మోగించడం అనుకుంటాం. అవన్నీ ఆఖరి పనులు. మొదటి పని విప్పడం. కాలం సగానికి పైగా అక్కడే పోతుంది. బంపరు, తలుపులు, రెక్కలు, వెనక కమాన్ పట్టీలు, పొగగొట్టం, ఇంజను. ఒక్కోదాన్ని పట్టి ఉంచిన బోల్టులన్నీ బయటికి రావాలి. రావాలంటే అవి ఒప్పుకోవాలి.

ఈ పని పట్టిన మేస్త్రీగారు అసలు బోట్ల ఇంజన్లు బాగుచేసే మనిషి. ఉప్పుతో వేగిన ఇనుము ఆయనకు చిన్నప్పటినుంచీ అలవాటు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, కిందకి వంగి చూసి, "కొత్త సామాను ఎవడైనా బిగిస్తాడండి. పాతది ఇరగ్గొట్టకుండా ఇప్పాలి, అదండి పని" అన్నారు.

మొదటి రోజు ఆయన పానా చేత పట్టలేదు. వైరు బ్రష్షుతో బోల్టుల తలల చుట్టూ తుప్పు గీకి, కుర్రాడి చేత ఒక్కో బోల్టు మొదట్లో డీజిలు పోయించారు. "రేపు మళ్లీ పొయ్యరా అబ్బాయ్. ఎల్లుండీ పొయ్యి. నేనొచ్చేదాకా దేన్నీ తిప్పకు" అని చెప్పి వెళ్లిపోయారు. మా మిత్రుడు కాస్త నిరుత్సాహపడ్డాడు. పాపం, ఆ సాయంత్రానికే బంపరు ఊడి వస్తుందనుకున్నాడు.

నూనె మర లోపలికి పాకాలంటే తొందరపడితే అవదు. తుప్పు, ఇనుము తిన్నంత మేర ఖాళీ వదలదు. తాను పుట్టిన ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. బోల్టుకూ నట్టుకూ మధ్య ఉన్న వెంట్రుకవాసి సందులో అలా ఉబ్బి, రెంటినీ ఒకదానికొకటి అదిమి పట్టేస్తుంది. బిగించినప్పటి బిగువు కంటే ఆ తర్వాత తుప్పు తెచ్చిన బిగువే ఎక్కువ.

అందుకే ప్రపంచంలో ఏ మూల పాత బండి విప్పినా ముందు నూనె డబ్బానే బయటికొస్తుంది. ఇప్పుడు ప్రతి షెడ్డులో కనిపించే డబ్ల్యూడీ-40 స్ప్రే కూడా 1953లో అమెరికాలో, శాన్‌డియేగోలో, ఒక చిన్న కంపెనీ రాకెట్ల పరిశ్రమ కోసం తుప్పు పట్టకుండా ఉండాలని తయారుచేసిందే. నలభయ్యో ప్రయత్నంలో అది కుదిరిందట. మేస్త్రీగారి దగ్గరా ఆ డబ్బా ఉంది. దాన్ని ఇంజను దగ్గర మాత్రమే వాడతారు, మిగతాచోట్ల డీజిలే.

తర్వాత ఆయన వచ్చి పని మొదలుపెట్టినప్పుడు నేనూ అక్కడ ఉన్నాను. మొదట చిన్న సుత్తితో బోల్టు తల మీద నాలుగు దెబ్బలు. గట్టిగా కాదు, తలుపు తట్టినట్టు. ఆ అదురుకు లోపల తుప్పు పొర చిట్లి నూనెకు దారి దొరుకుతుంది. తర్వాత ఆరు మూలల బాక్సు పానా తొడిగారు. పన్నెండు మూలలదైతే బోల్టు తల మూలలను మాత్రమే పట్టుకుని గుండ్రంగా అరగదీసేస్తుంది. ఒకసారి తల గుండ్రమైపోతే ఇక పట్టు దొరకదు.

విప్పే వైపు తిప్పుతారనుకున్నాను. ఆయన ముందు బిగించే వైపు ఓ పిసరు తిప్పారు. బోల్టు "కిర్రు" మంది. అప్పుడు విప్పే వైపు ఓ పిసరు. మళ్లీ బిగించే వైపు, మళ్లీ విప్పే వైపు. ప్రతి విడతకూ ఓ చుక్క నూనె. పట్టూ విడుపుగా సాగే ఆ పనిలో బోల్టు చాలాసేపటికి ఒక పూర్తి చుట్టు తిరిగింది. ఆ తర్వాతివి వాటంతటవే తిరిగినట్టు తిరిగాయి.

ఆ "కిర్రు" మనే చప్పుడు ఆయనకు ఇష్టం. చప్పుడు చేస్తోందంటే వస్తోందని అర్థం. భయపడాల్సింది పానా చప్పుడు లేకుండా మెత్తగా కదులుతున్నప్పుడు. మనకు వదులవుతోందనిపిస్తుంది. నిజానికి లోపల మర అలాగే పట్టుకుని ఉండి బోల్టు నడుము మెలితిరుగుతూ ఉంటుంది. ఇంకో పావు చుట్టు తిప్పామా, తెగుతుంది. ఆ మెత్తదనం చేతికి తెలిసిన క్షణంలో పానా వదిలెయ్యాలి. కుర్రాడి చెయ్యి తన చేతి కింద పెట్టి ఆ తేడా చూపించారు. "ఇదిగో, ఇది రావడం. ఇదిగో, ఇది తెగడం. తెలిసిందా?" అని అడిగితే, వాడు తెలిసిందన్నట్టు తలూపి, ఓ నిమిషం ఆగి, "ఇంకోసారి చూపించండి మేస్త్రీగారూ" అన్నాడు. ఆయన విసుక్కోకుండా మళ్లీ చూపించారు.

తెగేదాకా లాగొద్దని పెద్దలు అంటూనే ఉంటారు. తెగబోతోందని ముందుగా ఎలా తెలుస్తుందో మాత్రం ఎవరూ చెప్పరు. అది ఇలా పక్కన నిలబడి, చేతి కింద చెయ్యి పెట్టి నేర్చుకోవాల్సిందే కాబోలు.

అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయిన ఇళ్లలో కొందరు పెద్దమనుషులు చేసే పని కూడా నాకు ఇలాగే కనిపిస్తుంది. మా వైపు అలాంటి ఒకాయన ఉండేవారు. తగువు తీర్చడానికి వచ్చిన రోజు తగువు ఊసెత్తేవారు కాదు. అరుగు మీద కూర్చుని కాఫీ తాగి, ఈ ఏడు కాలవ నీళ్లు ఎప్పుడు వదిలారు, అమ్మాయికి ఎన్నో నెల, కొబ్బరి ధర ఎలా ఉంది అని అడిగి వెళ్లిపోయేవారు. నాలుగు రోజులకు మళ్లీ వచ్చేవారు. ఓ మాట అన్న వైపు, ఓ మాట తమ్ముడి వైపు. ఎవరైనా కేకలు వేస్తే ఆయన మొహంలో కంగారు ఉండేది కాదు. ఎదురు చెప్పకుండా "సరే, మీ ఇష్టం" అన్నవాడి దగ్గర మాత్రం చటుక్కున మాట మార్చేసేవారు. చిన్నప్పుడు అది నాకు అర్థం కాలేదు.

మేస్త్రీగారి చేతిలో కూడా అన్నీ దక్కలేదు. ఇంజనుకు పొగగొట్టం కలిసేచోట రెండు స్టడ్లు తెగాయి. పాత బ్రిటిష్ కార్లలో ఆ చోట ఇత్తడి నట్లు వాడేవారు. ఆ వేడికి ఇనుప నట్టు ఇనుప స్టడ్డుతో ఏకమైపోతుంది. ఇత్తడి అలా అతుక్కుపోదు కనక ఎన్నేళ్లకైనా ఊడుతుంది. ఈ కారులో ఎప్పుడో ఏదో రిపేరులో ఎవరో ఇత్తడి నట్లు తీసి ఇనుపవి పెట్టారు. ఆ రోజు ఇత్తడివి దొరికి ఉండవు. బండి సాయంత్రానికల్లా రాజమండ్రి చేరాల్సి ఉందేమో, పెళ్లివారి చీరలు వెనక సీట్లో ఎదురుచూస్తున్నాయేమో. ఎవరికి తెలుసు.

తెగిన స్టడ్డు ముక్క ఒకటి పైకి కాస్త కనిపిస్తోంది. దాని మీద ఒక నట్టు పెట్టి, నట్టు మధ్యలోంచి వెల్డింగు చేసి అతికించారు. ఆ వేడికి స్టడ్డు ఒకసారి సాగి, చల్లారి ముడుచుకున్నప్పుడు తుప్పు పట్టు సడలుతుంది. వేడి మీదుండగానే కొవ్వొత్తి తెచ్చి మొదట్లో ఆనించారు. మైనం కరిగి సన్నని దారిలో లోపలికి జారిపోయింది. నూనె చొరబడలేని చోటికి కూడా ఆ మైనం పోతుందట. అతికించిన నట్టు మొదట ఊడి వచ్చింది. మళ్లీ అతికించారు, మళ్లీ ఊడింది. ఆ తర్వాత పట్టుకుంది. పానా తొడిగి తిప్పితే స్టడ్డు ముక్క ఎర్రటి పొడి రాల్చుకుంటూ బయటికొచ్చింది.

రెండోది లోపలికే తెగింది. దానికి వేరే దారి లేదు. సరిగ్గా నడిమధ్యన పంచ్‌తో చిన్న గుంట కొట్టి, సన్నని డ్రిల్లుతో మొదలుపెట్టి, బిట్టు మారుస్తూ పోవాలి. నడిమధ్య ఓ వెంట్రుకవాసి తప్పితే పక్కనున్న మర పాడవుతుంది. తెగిన బోల్టు తియ్యడానికి ఎడమ మర ఉన్న కొక్కెం లాంటి పనిముట్టు బజారులో దొరుకుతుంది. మేస్త్రీగారికి దాని మీద నమ్మకం తక్కువ. అది మరీ గట్టి ఉక్కు, లోపల విరిగిందంటే దాని మీద మామూలు డ్రిల్లు దిగదు. ఉన్న చిక్కు చాలక కొత్త చిక్కు. అందుకని ఆ పూటంతా ఓపిగ్గా డ్రిల్లుతోనే తొలిచి, ఆఖరి పొరను సూదిమొనతో ఊడదీసి, ట్యాప్ దింపి మర శుభ్రం చేశారు.

ఎడమ మర అంటే గుర్తొచ్చింది. ప్రతి సైకిలుకూ ఎడమ పెడలు మర తిరగేసి ఉంటుంది. తొక్కేటప్పుడు దానంతటది ఊడిపోకుండా ఉండడానికి. ఈ సంగతి తెలియక చిన్నప్పుడు ఎంతమందిమి ఆ పెడలుతో కుస్తీ పట్టామో. విప్పుతున్నామనుకుంటూ బిగిస్తూ పోయేవాళ్లం.

విప్పిన ప్రతి బోల్టునూ మేస్త్రీగారు పారెయ్యకుండా డబ్బాలో వేయించారు. తల అరిగినవి కూడా. పాత అంబాసిడర్‌కు ఇంచి పానాలు కావాలి, ఫియట్‌కు మిల్లీమీటరు పానాలు. ఆ రోజుల్లో ప్రతి మెకానిక్ దగ్గరా రెండు సెట్లూ ఉండేవి. ఇప్పుడు ఏ దుకాణానికి వెళ్లినా మిల్లీమీటరు బోల్టులే. ఇంచి బోల్టు కావాలంటే విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాను కొట్లు వెతకాలి. డబ్బాలోవి చూపిస్తే కొలత తెలుస్తుంది.

ఒకప్పుడు ఆ మాత్రం కొలత కూడా ఉండేది కాదు. ఒక కార్ఖానాలో చేసిన నట్టు ఇంకో కార్ఖానా బోల్టుకు పట్టేది కాదు. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఆయన మరలన్నీ ఒకే వాలుతో, ఒకే లెక్కతో ఉండాలని ప్రతిపాదించాక పరిస్థితి మారింది. ఎక్కడో మాంచెస్టరులో ఆలోచించిన మనిషి వల్ల ఎన్నడూ చూడని దేశంలో ఎవరి రిపేరో సులువైంది.

ఈ బోల్టుల్లో ఒకటి నేను మరిచిపోలేను. వెనక కమాన్ పట్టీల దగ్గరిది. కారు మొత్తంలో బురద, ఉప్పు, నీళ్లు ఎక్కువగా తగిలే చోటు. అక్కడివి రావడం కష్టమని మేస్త్రీగారు ముందే చెప్పి, గ్యాసు సిలిండరు దగ్గరికి జరిపించి, పెట్రోలు ట్యాంకు వైపు తడి గోనెపట్టా కప్పించారు. మంట వెలిగించే ముందు అలవాటుగా ఒకసారి పానా వేశారు. నట్టు తిరిగింది. ఇంకో రెండు చుట్ల తర్వాత వేళ్లతోనే ఊడొచ్చింది.

బోల్టు బయటికి తీసి గుడ్డతో తుడిస్తే మర సందుల్లో నల్లగా గ్రీజు. ఎండిపోయి మైనంలా అయింది, అయినా ఉంది. మర మొత్తం, తల కింద కూడా, ఎవరో వేలితో నిండుగా రాశారు. పక్క బోల్టు చూశారు, దానికీ ఉంది. ఆ వైపు పట్టీలన్నీ ఒక్క పూటలో ఊడిపోయాయి.

ఎవరు రాశారో మా మిత్రుడికి తెలియదు. వాళ్ల నాన్నగారు పట్టీలు మార్పించిన సంగతి లీలగా గుర్తుంది, ఏ షెడ్డులోనో గుర్తులేదు. పట్టీలు మార్చినవాడికి ఆ గ్రీజు వల్ల ఒరిగిందేమీ లేదు. రాయకపోయినా బండి అలాగే నడిచేది, కూలి అంతే వచ్చేది. ఆ బోల్టులు మళ్లీ విప్పేది తనే అన్న నమ్మకమూ ఉండదు. అయినా డబ్బాలో వేలు ముంచి, ఒక్కోదానికీ రాసి, అప్పుడు బిగించాడు.

మేస్త్రీగారు ఆ బోల్టును కుర్రాడి అరచేతిలో పెట్టి, "మంచి పనోడెవడోనండి" అన్నారు. ఆయన నోట అంతకన్నా పెద్ద పొగడ్త నేను వినలేదు.

ఇంటికొచ్చాక కూడా ఆ గ్రీజు రాసిన మనిషి నా మనసులోంచి పోలేదు. మనం రోజూ ఏవేవో బిగిస్తూనే ఉంటాం. తాళాలు, ముడులు, కాగితాలు, ఒప్పందాలు, మాటలు. బిగించేటప్పుడు గట్టిగా ఉండాలన్న ధ్యాసే తప్ప, ఎప్పుడో ఒకరు వీటిని విప్పాల్సి వస్తుందన్న తలపు రాదు. పోయినవాళ్ల బీరువాల ముందు కూర్చుని తాళంచెవి ఏదో, ఏ కాగితం దేనికి సంబంధించిందో, ఎవరికి ఎంత బాకీ ఉందో తెలియక తల పట్టుకున్న ఇళ్లు మనందరికీ తెలుసు.

ఇంకోరకం మనుషులనూ చూశాం. మా మిత్రుడి తండ్రి అలాంటివారేనట. ఏ నేతగాడికి ఎంత మజూరీ ఇవ్వాలి, ఏ కొట్టునుంచి ఎంత రావాలి, అన్నీ ఒక నోటుపుస్తకంలో కొడుక్కి అర్థమయ్యే అక్షరాలతో రాసి పెట్టారు. తనకైతే అన్నీ నోటికే వచ్చు. ఆయన పోయిన తర్వాత కొడుకు ఆ పుస్తకం పట్టుకుని ఇంటింటికీ వెళ్లి లెక్కలు తేల్చుకున్నాడు. ఒక్క గుమ్మం దగ్గర కూడా మాట పడలేదు. అది చెబుతూ ఉంటే మిత్రుడి గొంతు కాస్త జీరబోయింది.

ఒకరు మొదలుపెట్టినది ఇంకొకరి చేతికి రావడం కార్ల విషయంలో మామూలే. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. దాన్ని తెప్పించుకోవాలనుకున్నది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. అది ఇంగ్లండు నుంచి వచ్చేసరికి ఆయన లేరు, గద్దె మీద కొడుకున్నాడు. ఆ కారు అద్దాల వెనక మెరుస్తూ ఉంటే చూసేవాళ్లందరూ రాజుల వైభవం గురించే మాట్లాడుకుంటారు. నాకైతే దాని కింద పడుకుని బోల్టులు విప్పినవాళ్లు గుర్తొస్తారు. దక్కను పొడిగాలి వాళ్లకు కొంత సాయపడే ఉంటుంది.

సముద్రం పక్కన ఆ అదృష్టం లేదు. విశాఖ బీచ్‌రోడ్డులో ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి ఉంది కదా. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరింది, 2001లో విరమించింది, 2002 నుంచి ఒడ్డు మీద మ్యూజియంగా ఉంది. నీళ్లలో తిరిగిన కాలం ఒక ఎత్తు, ఒడ్డున ఉప్పుగాలికి నిలబడడం ఇంకో ఎత్తు. లోపల తిప్పి చూపించేవాళ్లలో నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు ఉంటారు. రాగి గొట్టాల మీద చెయ్యి వేసి వాళ్లు చెప్పే తీరు వేరు. రామేశ్వరం దారిలో 1914 నాటి పాంబన్ వంతెన మీద కూడా తుప్పు వల్లే 2022 డిసెంబరులో రైళ్లు ఆపేశారు. పక్కనే కొత్తది 2025 ఏప్రిల్‌లో మొదలైంది. వందేళ్లకు పైగా అక్కడ రంగు డబ్బా, బ్రష్షు పట్టుకుని నిలబడ్డవాళ్ల పేర్లు ఎక్కడా చెక్కి లేవు. ఆ వంతెన అంతకాలం నిలిచింది వాళ్ల చలవే.

ఉప్పాడలో బోల్టు విప్పడం సరదా వ్యవహారం కాదన్నది కూడా చెప్పాలి. ఇక్కడా, చుట్టుపక్కల మత్స్యకారుల వాడల్లోనూ సముద్రం తీసుకుపోయిన ఇళ్లు చాలా ఉన్నాయి. కెరటం గడప దాకా వచ్చిన రోజు, దక్కినంత దక్కించుకోవాలని ద్వారబంధాలు, తలుపులు, పైకప్పు రేకులు విప్పుకుంటారు. రేకుల బోల్టులకు నూనె పోసి నానబెట్టే వ్యవధి అప్పుడుండదు. మేస్త్రీగారు కూడా అలా ఒక ఇల్లు విప్పినవారే. రేకులు వచ్చాయి, బోల్టులన్నీ ఆక్సా బ్లేడుతో కొయ్యాల్సి వచ్చిందట. ఇప్పుడున్న ఇంటికి వేసిన ప్రతి బోల్టుకూ గ్రీజు రాశానన్నారు. ఆ మాట ఆయన మామూలుగానే అన్నారు, నాకు మాత్రం వెంటనే ఏం అనాలో తెలియలేదు.

కారు సంగతికొస్తే, ఒక బోల్టు ఇంకా రాలేదు. ఎడమ వైపు వెనక తలుపు కింద, ఫ్రేము మూలలో ఉంది. దాన్ని తీస్తే చుట్టూ ఉన్న రేకు కూడా వచ్చేస్తుంది. దేన్నీ పెద్దగా మొయ్యడం లేదు. మేస్త్రీగారు రెండుసార్లు పానా వేసి, చేతికి మెత్తగా తగిలేసరికి ఆపేశారు. "దాన్ని అలా ఉండనివ్వండి, అదేం అడ్డం రాదు" అన్నారు. మిత్రుడు పట్టుబట్టలేదు. దానికి తుప్పు గీకి, రంగు వేసి వదిలేశారు.

మిగతావన్నీ శుభ్రం చేసి వరసగా పరిచి ఉన్నాయి. కుర్రాడు ఇత్తడి నట్లకోసం, ఇంచి బోల్టులకోసం చీటీ రాశాడు. ఈలోగా ఏప్రిల్ 15 వచ్చింది. జూన్ 14 దాకా, 61 రోజులు, సముద్రంలో మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. బోట్లన్నీ ఒడ్డెక్కి ఇంజన్లు విప్పించుకునేది ఈ రెండు నెలల్లోనే. మేస్త్రీగారికి తిండికి కూడా తీరుబాటు ఉండదు. వేట మళ్లీ మొదలయ్యేలోగా ప్రతి ఇంజనూ నీళ్లలోకి దిగాలి, లేకపోతే ఆ ఇళ్లలో పొయ్యి వెలగడం కష్టం. కారు పని ఆ తర్వాతేనని అందరం ఒప్పుకున్నాం. మిత్రుడి అమ్మగారైతే అన్నవరం వెళ్లడానికి శ్రావణమాసం ఖాయం చేసుకున్నారు.